మూడు లీటర్ల బ్లాడర్: చాలాకాలం వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నాను. బ్లాడర్ అంటే వీపు బ్యాగులో పెట్టుకుని పైపుతో పీల్చి తాగే నీళ్ల సంచీ. దీని మీద నాకు ప్రేమ ఉంది, కోపమూ ఉంది. రెండూ దాని పైపు దగ్గరే. ఏ రంగుల్లో దొరుకుతుంది, బరువెంత, జిప్పు ఎటువైపు అనేవి అమ్మే పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా రాయను. నేను చూసినంతలో ఈ రకం సంచులు ఎవరు చేసినా పైపు అతికే చోటు దాదాపు ఒకే తీరుగా ఉంది.

నాకు ఎడమ భుజానికి పాత దెబ్బ ఉంది. చెయ్యి పైకి లేస్తుంది గానీ వెనక్కి తిరగదు. బ్యాగు పక్క జేబులో ఉన్న బాటిల్ అందాలంటే బ్యాగు దించాల్సిందే. నలుగురితో వెళితే వెనక నడిచేవాడు తీసిస్తాడు. నేనేమో ఎక్కువగా ఒక్కణ్ణే నడుస్తాను. పది పన్నెండు కిలోల బ్యాగు దించి, రెండు గుక్కలు తాగి, మళ్లీ ఎత్తుకుని, నడుము బెల్టు బిగించుకుని, ఛాతీ దగ్గర క్లిప్పు పెట్టుకునేసరికి తాగిన నీళ్లు కాస్తా చెమటైపోతాయి. అందుకే దాహమేసినా "ఆ మలుపు దాకా పోదాంలే" అనుకోవడం ఒంటరిగా నడిచే ప్రతివాడికీ అలవాటే. వెలికొండల్లో ఆ అలవాటుతో నడిస్తే సాయంత్రానికి తలనొప్పి రావడం ఖాయం.

బ్లాడర్ వచ్చాక ఆ బాధ పోయింది. పైపు భుజం పట్టీ మీదుగా వచ్చి గడ్డం కింద వేలాడుతూ ఉంటుంది. చివర ఉన్న రబ్బరు మూతిని పళ్లతో కాస్త నొక్కి పీలిస్తే నీళ్లొస్తాయి, వదిలేస్తే ఆగిపోతాయి. చెయ్యి వెనక్కి పోనక్కర్లేదు, నడక ఆపక్కర్లేదు. నాలుగడుగులకోసారి చిన్న గుక్క తాగుతూ పోవచ్చు. ఒకేసారి అర లీటరు దించేసి కడుపు గుడగుడలాడుతూ మెట్లెక్కే పని తప్పింది. భుజం దెబ్బ తగిలాక ఒంటరి నడకలు మానుకోవాలేమో అనుకున్నవాణ్ణి మళ్లీ కొండెక్కించింది ఈ పైపే. కింద నేను ఎంత తిట్టినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

పైపు వాడకంలో ఒక కిటుకు ఉంది. ఎండలో సంచీలో నీళ్లు ఒక మోస్తరుగా ఉన్నా, బయట వేలాడే పైపులో నీళ్లు కాగిపోతాయి. మొదటి గుక్కకే నాలుక చుర్రుమంటుంది. తాగాక పైపులోకి ఒకసారి గట్టిగా ఊదితే ఆ నీళ్లు వెనక్కి, సంచీలోకి పోతాయి. పైపు ఖాళీగా ఉంటుంది, మళ్లీ పీల్చినప్పుడు సంచీలో నీళ్లే నేరుగా వస్తాయి. ఉత్తరాఖండ్‌లో చలికాలం కేదార్‌కంఠ ఎక్కినప్పుడూ ఇదే పనికొచ్చింది. అక్కడ పైపులో మిగిలిన నీళ్లు గడ్డకట్టి దారి మూసేస్తాయి, ఊదినవాడికి ఆ తిప్పలు ఉండవు. నెల్లూరు ఎండకూ హిమాలయాల మంచుకూ ఒకే మందు.

కడగడం మాత్రం నరకం. నెల్లూరు ఉక్కలో రెండు రోజులు మర్చిపోతే పైపు లోపల నల్లగా పాకుడు పడుతుంది. వంట సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లు, పొడుగు తీగ బ్రష్షు ఉంటే పోతుంది గానీ ఎండబెట్టడమే అసలు పని. సంచీ గోడలు ఒకదానికొకటి అంటుకుని లోపల తడి ఆరదు. కడిగి ఫ్రీజర్లో పెట్టేస్తే ఆ చలికి బూజు పెరగదు అని ఒక మిత్రుడు చెప్పాడు. నిజమే, పెరగదు. కాకపోతే మా ఫ్రీజర్‌లో ఎప్పుడూ రొయ్యలుంటాయి. రెండు కవర్లు చుట్టి ఒక మూలన పెడితే మా అమ్మకది కంటగింపు, "కొండకు పొయ్యే సంచీకి నా ఫ్రిజ్జే దొరికిందా" అని ఇప్పటికీ సణుగుతుంది. వాసన మాత్రం పట్టలేదు. ఫ్రీజర్ గురించి మళ్లీ మాట్లాడాలి, కింద వస్తుంది.

ఇక ఉదయగిరి కొండకోట సంగతి. మా జిల్లాకు వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనాలే కాబట్టి, సంక్రాంతి దాటిన కొత్తలో కొండ పచ్చగా ఉంటుంది, రాతి దొనల్లో ఇంకా నీళ్లుంటాయి. హిమాలయాలకు వెళ్లేముందు నిండు బ్యాగుతో ఇక్కడ నడవడం నాకు ప్రాక్టీసు. తెల్లవారుజామున ఊళ్లోంచి బయల్దేరి, దుర్గం ఎక్కి, పైన గోడల వెంబడి పగలంతా తిరిగి, చీకటి పడేలోపు దిగిపోవాలని ప్లాను. ఒంటరి మనిషి, ఇంత పెద్ద బ్యాగు అంటే ఈ కొండల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎర్రచందనమే కదా. కొండ కిందే అటవీ శాఖ వాళ్లు ఆపి బ్యాగంతా విప్పించారు. వాళ్ల పని వాళ్లది. పైపు చూసి నవ్వుకుని పంపించేశారు.

దుర్గం ఎత్తు 3,079 అడుగులు. హిమాలయాలు చూసినవాళ్లకు అదొక లెక్క కాదు. కానీ చెట్టు నీడ లేని రాతి మీద ఎండ కిందనుంచీ పైనుంచీ కొడుతుంది. కోటగోడ మొదటి వరస దాటేసరికే చొక్కా వీపుకు అంటుకుపోయింది. అక్కడివరకు అంతా మామూలే. చిన్న మసీదు దాటి పెద్ద మసీదు వైపు నడుస్తుంటే నడుము కింద, ప్యాంటు దాకా తడి తగిలింది. మా వైపు కొండల్లో వీపు తడిస్తే ఎవడూ అనుమానించడు, చెమటే అనుకుంటాడు. బ్లాడర్ ఉండేది కూడా సరిగ్గా వీపుకు ఆనుకునే. అంటే కారినా తెలియని చోట పెట్టారన్నమాట. మరికాసేపటికి పిక్కల మీదుగా చల్లగా ఒక ధార జారింది. చెమట చల్లగా ఉండదు. పైపు నోట్లో పెట్టి పీల్చాను. గుర్రుమని గాలి తప్ప చుక్క రాలేదు.

బ్యాగు దించి చూస్తే సంచీ చప్పగా అణిగి ఉంది. పైపు వచ్చి సంచీకి అతికే చోట ఒక బటన్ కీలు ఉంటుంది, నొక్కితే ఊడుతుంది, తోస్తే బిగుస్తుంది. దాని లోపల చిటికెన గోరంత రబ్బరు రింగు. అది రెండు చోట్ల పగిలి ఉంది. పైనుంచి చూస్తే కీలు బిగిసినట్టే ఉంది, టక్కుమనే చప్పుడూ వచ్చింది. లోపల మాత్రం రింగు పక్కనుంచి నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. ఆ కీలు సంచీ అడుగున ఉంటుంది కాబట్టి మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగదు. బాటిల్‌కు మూత వదులైతే పైనుంచి కాస్త ఒలుకుతుంది, అంతే. ఇక్కడ అడుగునే కన్నం. దీన్ని గీసిన ఇంజనీరు ఎవరో గానీ, నీళ్లు దొరకని చోట ఎప్పుడూ నడిచి ఉండడు.

మధ్యాహ్నం ఎండ, పైన నేనొక్కణ్ణే. ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. టెన్షన్ పడ్డాను, కాదని అనను. కానీ బ్యాగు లోపల చెయ్యి పెడితే ఇంకో సంగతి బయటపడింది. నీళ్లన్నీ బయటికి పోలేదు. బ్యాగు అడుగు గుడ్డకు లోపల పూత ఉంటుంది, వాన నీళ్లు లోపలికి రాకుండా. అదే పూత లోపలి నీళ్లను బయటికి పోనివ్వలేదు. అడుగున ఒక చిన్న మడుగు. మార్చుకునే చొక్కా, తువ్వాలు, అగ్గిపెట్టె అందులో నానుతున్నాయి. గబగబా స్టీలు డబ్బాలోని పులిహోర తినేసి, చొక్కా, తువ్వాలు అందులోకే పిండి, బ్యాగు వంచి మిగతావీ పోసుకున్నాను. ముప్పావు లీటరు దాకా వచ్చాయి. పసుపు రంగు, ఇంగువ వాసన, అడుగున రెండు వేరుశనగ గింజలు. అంత రుచైన నీళ్లు నేను తాగలేదని చెప్పను, సబ్బు వాసన కూడా ఉంది. గొంతు మాత్రం తడిసింది.

1514లో ఈ దుర్గాన్ని గజపతుల చేతిలోంచి తీసుకోవడానికి కృష్ణదేవరాయలంతటివాడు ఏడాది పైనే ముట్టడి వేయాల్సి వచ్చింది. పైన అన్నాళ్లు జనం నిలిచారంటే నీళ్లు లేకుండా కుదిరే పని కాదు. నాది సగం రోజుకే ఎండిపోయింది. ఆ నీళ్లు ఎక్కడో వెతుక్కుందామని గోడ వెంట నడిస్తే ఒక దొన దగ్గర మేకలు కనిపించాయి, వాటి వెనకాల తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన. నా భుజం మీది పైపును కాసేపు చూసి అడిగాడు.

"ఏంది అబ్బయ్యా, గ్లూకోజు ఎక్కించుకుంటా నడస్తా ఉండావా?"

"గ్లూకోజు కాదు తాతా, మంచినీళ్ల పైపు. కారిపోయింది."

"ఈడ తాగబాక. మేకలు దిగే నీళ్లు. ఆ గోడ అవతల ఇంకోటుంది చూడు, అది తేటగా ఉంటది."

ఆయన చేతిలో రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, చుట్టూ తడిపిన గోనెపట్టా, దాన్ని భుజాన తగిలించుకోవడానికి పురికొస. నన్నడిగితే ఆ కొండ మీద ఆ రోజు అన్నిటికన్నా మంచి పరికరం అదే. తాగమని ఇచ్చాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. గోనె తడి ఆరుతున్నంతసేపూ సీసాలో వేడిని లాగేస్తుంది, మన కుండ పనిచేసే పద్ధతే. గోడ అవతలి దొనలో నీళ్లు డబ్బాలో ముంచుకుని క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాను. ఆ అరగంట నీడ కోసం మసీదు గోడ పక్కన కూర్చున్నాను. దిగేటప్పుడు ఇంకేం జరగలేదు, చీకటికి ముందే ఊళ్లో ఉన్నాను. బస్టాండు దగ్గర వరసగా రెండు సోడాలు తాగాను.

ఇంటికొచ్చాక కంపెనీకి ఫొటోలతో మెయిల్ పెట్టాను. సంచీ చిరిగితే వారంటీ ఉందట, అరిగిపోయే రబ్బరు భాగాలకు లేదట. పోనీ రింగు ఒక్కటే అమ్ముతారా అంటే అమ్మరట, పైపు సెట్టు మొత్తం కొనాలట. దాని ధరకు ఇంకొంచెం వేసుకుంటే కొత్త బ్లాడరే వస్తుంది. ఒళ్లు మండింది. పగిలిన రింగు జేబులో వేసుకుని బజారుకు పోయాను. చేలకు మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే షాపులో సరిగ్గా అదే సైజు దొరికింది. కానీ ఆ షాపు వాసన ముక్కుకు తగిలాక అక్కడి వస్తువు నోట్లో పెట్టుకునే నీళ్లకు వాడబుద్ధి కాలేదు. చివరికి ఇంట్లో పెట్టుకునే నీళ్ల ఫిల్టర్లు రిపేరు చేసే కుర్రాడు తన డబ్బాలోంచి ఒకటి తీసి, కీలులో పెట్టి, తోసి, లాగి చూసి "పట్టింది సార్" అన్నాడు. తాగే నీళ్లకు వాడే రబ్బరే అది. ఐదు రూపాయలన్నాడు, పది రూపాయలిచ్చి రెండు తెచ్చుకున్నాను. ఇప్పటికీ చుక్క కారడం లేదు. కంపెనీ వేసిన రింగు కంటే ఇది కాస్త మందంగా ఉంది, కీలు బిగించడానికి కొంచెం బలం పెట్టాలి, అంతే.

రింగు ఎందుకు పగిలిందని అదే కుర్రాణ్ణి అడిగితే, "బాగా చల్లదనం, బాగా వేడి మార్చి మార్చి తగిలితే రబ్బరు బిరుసెక్కుద్ది సార్" అన్నాడు. నాకు వెంటనే మా రొయ్యల ఫ్రీజర్ గుర్తొచ్చింది. తేల్చి చెప్పలేను, పాతబడి కూడా పగిలి ఉండొచ్చు. అయినా ఇప్పుడు ఫ్రీజర్లో పెట్టేముందు పైపు ఊడదీసి, రింగు తీసి విడిగా డబ్బాలో వేస్తున్నాను. ఫ్రీజర్ చిట్కా బాగుందని పైన రాసింది ఈ షరతుతో కలిపి చదువుకోండి.

పైపుతో ఆగకుండా చిన్న చిన్న గుక్కలు తాగొచ్చని మెచ్చుకున్నాను కదా, దానికీ ఒక లోటు ఉంది. ఎంత తాగామో, ఎంత మిగిలిందో కంటికి కనపడదు. బాటిల్ అయితే చేత్తో ఊపితే తెలుస్తుంది. బ్లాడర్ వీపు వెనక, బట్టల మధ్య, చీకట్లో ఉంటుంది. కారకపోయినా ఎండలో అది ఖాళీ అయ్యాకే సంగతి తెలుస్తుంది. ఉప్పు, పంచదార నీళ్లో ఓఆర్ఎస్సో పోద్దామంటే పైపులో జిగురు పట్టి పాకుడు ఇంకా తొందరగా వస్తుంది, కాబట్టి దానికోసం ఎలాగూ ఒక బాటిల్ కావాలి.

కొనమంటానా అంటే మీ చెయ్యి ఎంతవరకు తిరుగుతుందో చూసుకోండి. రెండు చేతులూ బాగా ఆడేవాళ్లకు, తోడుతో నడిచేవాళ్లకు, గంటకో ఊరో వాగో తగిలే దారుల్లో తిరిగేవాళ్లకు నీళ్లు కొనుక్కున్నప్పుడు వచ్చే ఖాళీ సీసాలే చాలు. మేకల తాత పద్ధతిలో తడిగుడ్డ చుట్టుకుంటే ఇంకా మంచిది. నాలాంటి భుజం ఉన్నవాడికి మాత్రం ఇది లేకుండా కష్టం. నేనైతే ఇప్పుడు దీంట్లో రెండు లీటర్లే పోస్తున్నాను, మూడో లీటరు ముందు పట్టీకి కట్టిన బాటిల్లో ఉంటుంది, కుడి చేతికి అందేలా. వీపుకూ సంచీకీ మధ్య ఒక పాత పత్రిక కాగితం మడిచి పెడుతున్నాను. గంటకోసారి దాన్ని ముట్టుకుని చూస్తాను. చెమటకు మెత్తబడుతుంది గానీ, కారితే చిరిగి చేతికొచ్చేస్తుంది. కొత్తది కొనే పని పడితే మూడు లీటర్లది వద్దు, రెండు లీటర్లది చూస్తాను. చెయ్యి లోపలికి దూరేంత పెద్ద మూతి ఉండాలి, రింగు విడిగా అమ్ముతారో లేదో ముందే అడుగుతాను.