టోక్యోలో ఒక సాయంత్రం ఖాళీ దొరికితే ఏ సినిమా మేలు?

మార్చి నెలాఖరు వచ్చిందంటే చెర్రీ పూల కోసం మనవాళ్లు టోక్యోలో దిగుతూనే ఉంటారు. ఆఫీసు పని మీద వచ్చేవాళ్లు ఏడాది పొడుగునా ఉంటారు. గుళ్లు, టవర్లు, షిబుయా క్రాసింగ్ అన్నీ అయ్యాక నాకు వచ్చే మెసేజ్ దాదాపు ఒకటే. "అన్నా, రేపు సాయంత్రం ఖాళీ. ఇక్కడ హాల్లో ఒక సినిమా చూడాలనుంది. ఇకెబుకురోలో ఉన్న పెద్ద ఐమాక్స్ మంచిదా, షింజుకులో గాడ్జిల్లా తల ఉన్న హాలు మంచిదా? లేకపోతే జపాన్ సినిమాకే వెళ్లమంటావా?" మన తెలుగు సినిమా ఏదైనా ఆడుతోందేమో చూడమని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. నేను ముందు వెతికేది అదే. ఎందుకో వివరంగా చెబుతాను.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు హాలు ఎంత పెద్దది, తెర ఎంత పెద్దది అన్న దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో మొదటి ప్రశ్న తెరది కాదు, చెవిది: హాల్లో వినబడే భాష మీకు సబ్‌టైటిల్స్ లేకుండా అర్థమవుతుందా? టోక్యో హాళ్లలో మామూలు షోలకు సబ్‌టైటిల్స్ జపనీస్‌లోనే ఉంటాయి. కొరియన్ సినిమా అయినా, ఫ్రెంచ్ సినిమా అయినా తెర మీద పడే అక్షరాలు మనకు పనికిరావు. జపాన్ సినిమాకైతే అవి కూడా ఉండవు. కాబట్టి మనకు మిగిలేవి రెండే దారులు. ఒకటి, అసలు ఆడియోతో ఆడే ఇంగ్లీషు సినిమా. రెండోది, తెలుగు ఆడియోతో ఆడే మన సినిమా.

ఇంగ్లీషు సినిమా విషయంలో ఒక మాట నిజాయితీగా ఆలోచించుకోండి. ఓటీటీలో ఇంగ్లీషు సినిమా చూసేటప్పుడు కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ ఆసరా ఇక్కడ దొరకదు. గుసగుసలు, స్కాటిష్ యాస, మాస్క్ వెనకాల నుంచి వచ్చే మాటలు అన్నీ మీ చెవులే పట్టుకోవాలి. ఫైట్లు, ఛేజులు ఉన్న సినిమా అయితే ఇబ్బంది లేదు. మాటల మీద నడిచే సినిమా అయితే అమ్మానాన్నల్ని తీసుకెళ్లేముందు ఇంకోసారి ఆలోచించండి.

అలాగని పెద్ద ఐమాక్స్‌ని తీసిపారేయను. ఇకెబుకురోలోని గ్రాండ్ సినిమా సన్‌షైన్ 2019లో మొదలైంది. అక్కడి ఐమాక్స్ తెర వెడల్పు 25.8 మీటర్లు, ఎత్తు 18.9 మీటర్లు, అంటే సుమారు ఆరంతస్తుల మేడంత. ఐమాక్స్ కెమెరాలతో నిలువుగా నిండుగా తీసిన సీన్లు పైనా కిందా కోత పడకుండా కనిపించే హాళ్లు ప్రపంచంలోనే కొన్ని ఉంటాయి, వాటిలో ఇదొకటి. మీరు వచ్చిన వారంలో అలా తీసిన సినిమా ఏదైనా ఆడుతుంటే, మీకు అలాంటివి ఇష్టమైతే, వెళ్లండి. మామూలు టికెట్ 2,000 యెన్ల దాకా ఉంటుంది, అంటే మన డబ్బుల్లో వెయ్యి రూపాయల పైమాటే. ఐమాక్స్‌కి దానిమీద ఇంకొన్ని వందల యెన్లు అదనం. షింజుకులో 2015లో తెరిచిన తోహో సినిమాస్ గాడ్జిల్లా తల వల్ల ఫొటోలకు బాగుంటుంది. తల చూడడానికి టికెట్ అక్కర్లేదు, రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. లోపల మంచి మల్టీప్లెక్సే, కానీ అలాంటిది హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది.

ఇక నా మనసున్న విషయానికి వస్తాను. జపాన్‌లో మన సినిమా అంటే ప్రవాసులు హాలు అద్దెకు తీసుకుని వేసుకునే షో అనే చాలామంది అనుకుంటారు. అవీ ఉన్నాయి, వాటి గురించి చివర్లో చెబుతాను. నేనంటున్నది జపాన్ పంపిణీదారులు కొని, జపనీస్ సబ్‌టైటిల్స్ వేసి, జపాన్ ప్రేక్షకుల కోసం మామూలు హాళ్లలో విడుదల చేసే సినిమా. 1998లో షిబుయాలో రజనీకాంత్ 'ముత్తు' విరగబడి ఆడిన సంగతి తెలిసిందే. ఆ తర్వాత చాలా ఏళ్లకు దక్షిణాది సినిమాకు ఇక్కడ మళ్లీ గట్టి ఊపు తెచ్చింది 'బాహుబలి' రెండో భాగం. అది 2017 డిసెంబరు 29న ఇక్కడ విడుదలైంది. మొదట వేసింది నిడివి తగ్గించిన అంతర్జాతీయ వెర్షన్. చూసినవాళ్లు మళ్లీ మళ్లీ వస్తుండటంతో 2018 జూన్‌లో పూర్తి నిడివి సినిమాను మళ్లీ విడుదల చేశారు. పాటలున్న, కోత పడని సినిమానే కావాలని జపాన్ ప్రేక్షకులు కోరుకోవడం నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. 2022 అక్టోబరు 21న వచ్చిన 'ఆర్ఆర్ఆర్' 200 కోట్ల యెన్ల వసూళ్లు దాటి, ఇరవై నాలుగేళ్లుగా 'ముత్తు' పేరు మీదున్న రికార్డును వెనక్కి నెట్టింది. 2024 జనవరిలో తకరజుకా వాళ్లు, అంటే నటులంతా ఆడవాళ్లే ఉండే ప్రసిద్ధ నాటక బృందం, దాన్ని రంగస్థలం మీద ఆడారు.

"ఇంటి దగ్గర రెండు మూడు వందలకు చూసిన సినిమాను అంత దూరం వెళ్లి వెయ్యి పెట్టి చూడాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఏమిటంటే, ఆ సినిమాను మీరు ఇంటి దగ్గర ఇలా విని ఉండరు. హీరో ఎంట్రీకి మన హాల్లో మొదటి రెండు డైలాగులు ఈలల్లో కొట్టుకుపోతాయి. నాకు ఆ గోల ఇష్టమే, దాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. కానీ టోక్యోలో మామూలు షోకి హాలు నిండా జనం ఉన్నా ఒక్క మాట వినబడదు, ఒక్క ఫోన్ వెలగదు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏ వాద్యం ఎక్కడ మొదలైందో, విలన్ మాట పూర్తిచేసి ఊపిరి ఎలా పీల్చాడో తెలుస్తుంది. బాగా తెలిసిన సినిమానే మళ్లీ చూస్తూ, ఈ శబ్దం ఇక్కడ ఉందా అని ఆశ్చర్యపోయిన సందర్భాలు నాకున్నాయి.

రెండోది, పక్కవాళ్లను గమనించడం. జపనీస్ సబ్‌టైటిల్స్‌కి సెకనుకు నాలుగు అక్షరాలని ఒక లెక్కుంది. మన పంచ్ డైలాగ్ గుక్క తిప్పుకోకుండా పది సెకన్లు నడిచినా, కింద పడేది కుదించిన రెండు ముక్కలే. కనుక హాలు నవ్వు ఒక్కోసారి డైలాగ్ పూర్తికాకముందే వస్తుంది. గోదావరి యాసలో చురక వేసినప్పుడు మీకు ఒక్కరికే నవ్వొస్తుంది. అమ్మ పాత్ర కన్నీళ్లు పెట్టుకున్న చోట మాత్రం మీ వరుసంతా ముక్కు ఎగబీలుస్తుంది. మన సినిమాలో ఏది భాష దాటి వెళుతుందో, ఏది మనదగ్గరే ఆగిపోతుందో మూడు గంటల్లో ఇంత స్పష్టంగా చూపించే చోటు నాకు ఇంకోటి తెలియదు. ఆ సబ్‌టైటిల్స్ అన్నీ తెలుగు తెలిసినవాళ్లు చూడకుండా వేసినవని కూడా అనుకోకండి. 'బాహుబలి' సబ్‌టైటిల్స్‌ని తెలుగు తెలిసిన జపాన్ ఆచార్యురాలు దగ్గరుండి చూశారు.

అదృష్టం బాగుండి 'ఓఎన్ జోయెయ్' షో దొరికితే ఇంక చెప్పక్కర్లేదు. అంటే అరవడానికి అనుమతి ఉన్న షో. మసాలా షో అని కూడా అంటారు. చీరలు, కుర్తాలు వేసుకుని, రంగు లైట్ల కర్రలు, టాంబరిన్లు, గజ్జెలు పట్టుకుని వస్తారు. బయట రైల్లో గట్టిగా దగ్గని మనుషులు లోపల "జై మాహిష్మతి" అని గొంతు చించుకుంటారు. 2018 ఏప్రిల్‌లో రాజమౌళి టోక్యోలో ఇలాంటి షోకి వచ్చి వాళ్ల మధ్యనే నిలబడ్డారు. ఒసాకా వైపు వెళ్లేవాళ్లు అమాగసాకిలోని త్సుకగుచి సన్‌సన్ థియేటర్ కార్యక్రమాలు చూడండి, కాగితం ముక్కలు చల్లుతూ, క్రాకర్లు పేలుస్తూ చేసే మసాలా షోలకు అది పేరు పడ్డ హాలు. అలాంటి చోట తెలుగు మాట్లాడేవాళ్లు కనబడితే జనం వచ్చి పలకరిస్తారు. తెలుగు అక్షరాలు నేర్చుకుని హీరో పేరు రాసి చూపించే అభిమానులూ ఉన్నారు. ఓపిగ్గా చదవండి, తప్పుంటే మెల్లగా దిద్దండి, వాళ్లు చాలా సంతోషిస్తారు.

ఈ దారిలో ఉన్న ఇబ్బందులు దాచను. మొదటిది, మీరు వచ్చిన వారంలో మన సినిమా ఆడుతూ ఉండాలి. దానికి ఒక కొండగుర్తు ఉంది. పెద్ద తెలుగు సినిమా ఇక్కడికి రావడానికి సుమారు ఆరేడు నెలలు పడుతోంది. 'ఆర్ఆర్ఆర్' మన దగ్గర 2022 మార్చి అయితే ఇక్కడ అక్టోబరు. 'సలార్' 2023 డిసెంబరు అయితే ఇక్కడ 2024 జులై. 'కల్కి' 2024 జూన్ అయితే ఇక్కడ 2025 జనవరి. 'దేవర' 2024 సెప్టెంబరు అయితే ఇక్కడ 2025 మార్చి. కాబట్టి ప్రయాణానికి ఆర్నెల్ల ముందు మన దగ్గర ఏం ఆడిందో గుర్తుచేసుకుని, ఆ పేరు జపనీస్‌లోకి మార్చి వెతకండి. కొత్తది లేకపోతే పాతది ఏదైనా ఇకెబుకురో షిన్ బుంగెయ్‌జా లాంటి రీరన్ హాళ్లలో తిరిగి వేస్తున్నారేమో చూడండి.

రెండోది, టైమింగ్. ఇక్కడ సినిమాలు ఎక్కువగా శుక్రవారం మారతాయి, వచ్చే వారం షోల వేళలు అంతకు ముందు వారం మధ్యలో గానీ తేలవు. చాలాచోట్ల టికెట్లు రెండు రోజుల ముందు మాత్రమే తెరుస్తారు. నెల ముందే ఇండియా నుంచి బుక్ చేసి పెట్టుకోవడం కుదరదు. కొన్ని సైట్లు మన కార్డులు తీసుకోవు, టెన్షన్ పడకండి. హాల్లోని మిషన్లలో చాలావరకు ఇంగ్లీషు ఉంటుంది, వారం మధ్యలో సీట్లు దొరుకుతాయి. ఒకటో తారీఖు, కొన్నిచోట్ల బుధవారం, టికెట్ 1,300 యెన్ల దరిదాపుల్లోకి దిగుతుంది.

మూడోది, ఇంటర్వెల్ లేదు. తెర మీద ఇంటర్వెల్ కార్డు పడుతుంది, మరుక్షణం సినిమా సాగిపోతుంది. మూడు గంటల సినిమాకు టీ తాగి వెళ్లకండి, పెద్దవాళ్లకు దారి పక్కన, వరుస చివరి సీట్లు తీసుకోండి. రాత్రి షో అయితే వదిలే వేళ ఎంతో ముందే లెక్కేసుకోండి. అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిపోతాయి, హోటల్‌కి టాక్సీ అంటే సినిమా ఖర్చుకు రెండు మూడింతలు అవుతుంది. సినిమా అయ్యాక పేర్లు పడుతుంటే ఎవరూ లేవరు, లైట్లు వెలిగేదాకా మీరూ కూర్చోండి.

అన్నిటికంటే ముఖ్యం, టికెట్ దగ్గర 'జిమాకు' అని ఉందా, 'ఫుకికాఎ' అని ఉందా అడగండి. మొదటిది అసలు ఆడియో, రెండోది జపనీస్ డబ్బింగ్. ఇంగ్లీషు సినిమాలకు రెండూ పక్కపక్క స్క్రీన్లలో ఆడుతుంటాయి. మన సినిమాలు దాదాపు అన్నీ జిమాకులోనే వస్తాయి గానీ, 'ఆర్ఆర్ఆర్'కి 2023లో డబ్బింగ్ వెర్షన్ కూడా వచ్చింది. ఆడియో తెలుగేనా, హిందీనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి.

బయటికొచ్చేటప్పుడు లాబీలో ఆ సినిమా పాంఫ్లెట్ అమ్ముతారు, సుమారు వెయ్యి యెన్లు. మంచి కాగితం మీద ఫొటోలు, వ్యాసాలు, పాత్రల పటాలతో చిన్న పుస్తకంలా ఉంటుంది. మన హీరో పేరు జపనీస్ అక్షరాల్లో ఉన్న ఆ పుస్తకం ఊళ్లో వీరాభిమాని అయిన తమ్ముడికి ఇచ్చి చూడండి. గోడ పక్కన స్టాండులో పెట్టిన చిన్న పోస్టర్లు ఉచితం, మొహమాటపడకుండా తీసుకోండి.

జపాన్ సినిమా సంగతి: భాష రాకుండా మామూలు కథాచిత్రానికి వెళ్లమని చెప్పలేను. పిల్లలుంటే యానిమే పర్లేదు, బొమ్మల మీద నడిచిపోతుంది. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో వస్తే హిబియా, గింజా వైపు టోక్యో అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో జపాన్ సినిమాలు దొరుకుతాయి. ఆ పది రోజుల్లో అయితే నా ఓటు అటు మారినా మారొచ్చు.

ఇక ఇక్కడున్న మనవాళ్లు హాలు అద్దెకు తీసుకుని వేసే షోలు ఎక్కువగా వారాంతాల్లో, టోక్యో పక్కనున్న సైతామా, చిబా వైపు ఉంటాయి. సినిమా కొత్తది, కింద ఇంగ్లీషు ఉంటుంది, ఈలలూ ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో బంధువులుంటే వాళ్లే తీసుకెళ్తారు. టోక్యోలో మీకున్నది ఒక్క సాయంత్రమే అయితే మాత్రం దానికోసం గంట రైలు ప్రయాణం వద్దంటాను.