అమలాపురంలో ఫైనల్ బిల్లు ఫైళ్లు చేసే ఆఫీసు: ఎప్పుడు వెళ్లాలి, ఏం చూసుకోవాలి

కాలువలు, డ్రెయిన్లు, సీసీ రోడ్ల పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లకు ఫైనల్ బిల్లు ఫైలు తయారు చేసిచ్చే ఆఫీసు ఇది. పని మధ్యలో పెట్టుకునే పార్ట్ బిల్లులకు ఇక్కడిదాకా రానక్కర్లేదు. ఫైనల్ బిల్లుకే రావాలి, అదీ పని నడుస్తుండగానే.

పూడికతీత సంగతే తీసుకోండి. పని మొదలెట్టకముందు లెవెల్స్, అయ్యాక లెవెల్స్ రెండూ ఎల్‌ఎఫ్ బుక్కులో (లెవెల్స్ రాసే పుస్తకం) ఎక్కితేనే మట్టి క్వాంటిటీ తేలుతుంది. క్లోజరు (కాలువలు కట్టేసే గడువు) అయిపోయి ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలారంటే ఇక కాలువ అడుగు ఎవరికి కనబడుతుంది? ఆలోగా చెక్ మెజర్‌మెంట్ (పై అధికారి కొలతలు సరిచూడటం) అయి ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, సంతకం పడాలి. నీళ్లొచ్చాక ఫైలు పట్టుకెళ్తే, వీళ్లు చేసేదేం లేదని మొహమ్మీదే చెప్పి పంపేస్తారు, డబ్బు తీసుకోరు. ఈ ఒక్క గుణానికే మంచి మార్కులు వేయొచ్చు.

లెక్కల్లో గట్టివాళ్లు. అగ్రిమెంట్ క్వాంటిటీ, చేసిన క్వాంటిటీ ఐటమ్ వారీగా పక్కపక్కన పెట్టి, పెరిగిన చోట మంజూరు ఉందో లేదో ముందే పట్టుకుంటారు. గడువు దాటిన పనికి ఈఓటీ (గడువు పెంపు) ఉత్తర్వు లేకుండా ఫైలు కదలనివ్వరు. బిల్లు పైకెళ్లాక అది వెనక్కొచ్చేది ఎక్కువగా అక్కడే. కాంక్రీటు బలం తేల్చే క్యూబ్ రిపోర్టులూ అంతే: ఐఎస్ 456 కోడ్ ప్రకారం 40 ఘనపు మీటర్ల కాంక్రీటుకు 4 శాంపిళ్లు, 28 రోజుల టెస్టుకు 12 క్యూబులు. ఒక్కటి తగ్గినా క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) వాళ్లకు దొరికిపోతారు.

కోనసీమలో రాయి లేదు, కంకర మెట్ట నుంచే రావాలి. ఆ లోడ్ల పర్మిట్లు భద్రంగా ఉంచుకోకపోతే సీనరేజీ (ఖనిజాల మీద ప్రభుత్వ రుసుము) బిల్లులోనే కోసేస్తారు. లేబర్ సెస్ 1 శాతం ఎలాగూ పోయేదే. కాంట్రాక్టు విలువ 2.5 లక్షలు దాటితే కోసే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం మాత్రం మనకు తిరిగొచ్చే డబ్బు. కానీ జీఎస్టీ పోర్టల్‌లో యాక్సెప్ట్ కొట్టకపోతే మన క్యాష్ లెడ్జరులోకి రాదు. ఆ పని వీళ్లు చేయరు, మీ ఆడిటరుకు చెప్పుకోవాలి.

లోపాలు రెండున్నాయి. ఇక అడిగేదేమీ లేదని రాసిచ్చే నో క్లెయిమ్ కాగితాన్ని మిగతా కట్టలో కలిపేసి సంతకాలు తీసుకుంటారు. రేట్ల తేడా మీదో, అదనపు పని మీదో అడగాల్సింది మిగిలుంటే ఆ కాగితం విడిగా తీసి చదవండి. సంతకం పడ్డాక వాదించడం చాలా కష్టం. రెండోది, బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) ఎక్కిన రోజుతో వీళ్ల బాధ్యత తీరిపోతుంది. డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలు వస్తే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ఎప్పుడు ముగుస్తుందో, బ్యాంకు గ్యారంటీ ఎప్పటిదాకా చెల్లుతుందో రాసిపెట్టరు. ఆ గడువు ముగియకముందే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని తీసుకెళ్లి పని చూపించి, బీటలుంటే పూడ్చి, సర్టిఫికెట్ రాయించుకోవాలి. అది లేకుండా డిపాజిట్ అడిగినా ఫలితముండదు. గ్యారంటీ విడుదల లెటరు బ్యాంకుకు చేరేదాకా దానికోసం బ్యాంకులో పెట్టిన మార్జిన్ డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది.

ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌కు వేరే ఛార్జీ తీసుకుంటారు. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సంతకంతో సరిపెట్టి ఇస్తే తీసుకోవద్దు, ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) కౌంటర్ సంతకం కూడా ఉండాలి, లేకపోతే తర్వాతి టెండరులో పనికిరాదు. ఒకటి రెండు ఐటమ్‌ల చిన్న పనికైతే వీళ్ల ఫీజు గిట్టదు. ఫైలు మొత్తం జెరాక్సు కావాలంటే ముందే చెప్పాలి, అడగకపోతే ఇవ్వరు.