బరువు తగ్గాక ముఖం బిగిస్తామంటే నమ్మకండి, నేను నమ్మి, ఉన్న బుగ్గలు కూడా పోగొట్టుకున్నాను

నిన్న సాయంత్రం ఆరున్నరకు, ఒక ఫేస్ క్లినిక్ రిసెప్షన్‌లో పదిమంది కూర్చుని చూస్తుండగా నాతో అన్న మాట ఇది: "ఆంటీ, మీరు సన్నబడి ముఖం పాడుచేసుకుని వచ్చి మా మీద పడితే మేమేం చేస్తాం? మీ వయసుకి ఇంతకంటే ఏం వస్తుంది?"

ఆ మాట అన్నది ఎవరో కొత్త మనిషి కాదు. ఆరు వారాల కిందట నన్ను అక్కా అక్కా అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, మంచినీళ్లు ఇచ్చి, "మీరు నా సొంత అక్కలా అనిపిస్తున్నారు" అన్న అమ్మాయే. డబ్బు కట్టేదాకా అక్కని. డబ్బు వెనక్కి అడిగేసరికి ఆంటీనయ్యాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఈ వారం ఇంకెవరో వెళ్లి అదే కుర్చీలో కూర్చుంటారని గుర్తొస్తే మనసు ఊరుకోక పొద్దున్నే రాస్తున్నాను. క్లినిక్ పేరు రాయలేను, రాస్తే లాయర్ నోటీసు పంపిస్తామని నిన్నే చెప్పారు. బరువు తగ్గినవాళ్లకు ప్రత్యేక ఫేస్ ప్యాకేజీ అంటూ రీల్స్‌లో ఊదరగొడుతున్నవాళ్లని మీలో చాలామంది చూసే ఉంటారు.

ముందు సంగతి త్వరగా చెప్పేస్తాను. నాకు 49 ఏళ్లు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పోయినేడాది మూడు నెలల షుగర్ పరీక్షలో 7.4 వచ్చింది. డాక్టర్ గారు బరువు తగ్గితే సగం సమస్య తీరుతుందన్నారు. రాత్రి అన్నం మానేశాను, పొద్దున గంట నడక పెట్టుకున్నాను, టీలో చక్కెర ఆపేశాను. ఇంజక్షన్లు ఏమీ లేవు. తొమ్మిది నెలల్లో 82 కిలోల నుంచి 63కి వచ్చాను. షుగర్ 6.1కి దిగింది. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి పెట్టడం పోయింది. ఇందులో నేను చేసిన తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.

ఆ సంతోషం మా ఆడపడుచు కొడుకు పెళ్లిలో పోయింది. "ఏంటి వదినా, ముఖం అలా పీక్కుపోయింది? ఒంట్లో బాగుంటోందా?" అని ఒకరు, "చిక్కిపోయావమ్మా, ముఖంలో కళే లేదు" అని ఇంకొకరు. మా పెద్దత్తయ్య అయితే నన్ను పక్కకి పిలిచి ఏ జబ్బో చెప్పమని కన్నీళ్లు పెట్టుకుంది. ఫొటోలు వచ్చాక నేనే భయపడ్డాను. కళ్ల కింద గుంటలు, బుగ్గలు నోటికి రెండు పక్కలా జారిపోయి, దవడ కింద చర్మం వదులుగా. ఒళ్లు చూస్తే నలభై, ముఖం చూస్తే అరవై. వచ్చే నెల మా పాప నిశ్చితార్థం. వియ్యాలవారి ముందు అలా నిలబడాలా అన్న టెన్షన్ పట్టుకుంది. ఆ టెన్షన్‌లోనే ఫోన్‌లో కనబడిన యాడ్ నొక్కాను.

అక్కడ మొదట అడిగిన ప్రశ్న "ఇంజక్షనా అక్కా?" అని. బరువు తగ్గించే ఇంజక్షన్ మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, మరికొన్ని నెలలకే వెగోవీ వచ్చింది. ఆ ఇంజక్షన్లతో గబగబా తగ్గి, ముఖం వాడిపోయి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారట. అలాంటి ఇంకో ఇంజక్షన్ పేరు మీద దాన్ని ఓజెంపిక్ ఫేస్ అంటారని ఒక బొమ్మ కూడా చూపించింది. కాదమ్మా, నడిచి తగ్గానంటే "అయితే ఇంకా ఈజీ అక్కా" అంది. ఎన్ని నెలల్లో తగ్గాను, ఇంకా తగ్గుతున్నానా, నెలసరి ఆగిందా, ఏం తింటున్నాను, ఒక్కటీ అడగలేదు. చర్మం బిగించే హైఫు మిషన్ మూడు సిట్టింగులు, పల్లాలు నింపే ఫిల్లర్ జెల్ రెండు సిరంజిలు, అన్నీ కలిపి 72,000. పన్నెండు వేలు ఫోన్‌పేలో కట్టించుకున్నారు. మిగిలిన అరవై వేలకు వడ్డీ లేని ఈఎంఐ అన్నారు, "ఓటీపీ చెప్పండక్కా" అంటే చెప్పేశాను. అది క్లినిక్‌కి కట్టే వాయిదా కాదు, నా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పు అని మొదటి నెల అయిదు వేలు ఖాతాలోంచి పోయినప్పుడు గానీ తెలియలేదు.

ఇక సంతకం సంగతి. దీన్ని తలచుకుంటేనే నా మీద నాకు కోపం వస్తోంది. ముఖమంతా తిమ్మిరి క్రీమ్ రాసి, కళ్లజోడు తీసి ట్రేలో పెట్టించి, వెనక్కి వాలిన కుర్చీలో పడుకోబెట్టాక ట్యాబ్ తెచ్చి ముఖం ముందు పెట్టారు. "ఇక్కడ వేలితో సైన్ చేయండక్కా, ఫార్మాలిటీ." అక్షరాలు మసకగా చీమల్లా కనబడుతున్నాయి. వేలితో గీసేశాను. ప్రశ్నపత్రం మొత్తం చదివాకే పెన్ను ముట్టుకోండి అని ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చెబుతున్నదాన్ని. నిన్న ఆ ట్యాబే తెచ్చి నా ముందు తిప్పి పెట్టారు. డాక్టర్ గారు పరీక్షించారు, అన్నీ వివరించారు, డబ్బు వాపసు అడగను అని ఉంది. ప్రతి లైను పక్కనా టిక్కు ఉంది. ఆ టిక్కులు నేను పెట్టినవి కావు. డాక్టర్ అన్న మనిషిని నేను ఆ బిల్డింగ్‌లో ఇప్పటిదాకా చూడనే లేదు.

హైఫు అంటే శబ్ద తరంగాలను చర్మం లోపల ఒక లోతున కేంద్రీకరించి వేడి పుట్టించడం. ఆ వేడికి చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ బిగుసుకుంటుంది. మిషన్ పెట్టిన అమ్మాయి యూనిఫాంలో ఉంది, డాక్టర్ కాదు. బుగ్గ ఎముక దగ్గర పంటి నరం లాగేసినంత నొప్పి, ఆపమంటే "రిజల్ట్ వస్తోందని అర్థం" అంది. నా తలవైపున్న స్క్రీన్ మీద 4.5 అని పెద్ద అంకె. లెక్కల టీచర్ని కదా, అంకె మర్చిపోలేదు. రెండు వారాలకే రెండో సిట్టింగ్ కూడా చేసేశారు.

మొదటి వారం వాపు వల్ల ముఖం నిండుగా అనిపించింది, మా పాప కూడా బాగుందమ్మా అంది. వాపు దిగాక చూస్తే బుగ్గ ఎముక కింద ఇంతకు ముందు లేని పల్లం. కుడి వైపు మరీ ఎక్కువ. బొటనవేలు పెడితే అందులో కూర్చుంటోంది.

పోయిన శనివారం మా ఇంటి దగ్గర ఒక చర్మ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఫీజు 600. ఆవిడ ముందు నా ముఖం చూడలేదు, నా పాత ఫొటోలు అడిగారు. అయిదేళ్ల నాటివి, రెండేళ్ల నాటివి, పెళ్లిలోవి పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఈ పని 72,000 తీసుకున్నవాళ్లు చేయలేదు. తర్వాత కాగితం మీద ముఖం బొమ్మ గీసి చెప్పారు. ముఖంలో కొవ్వు ఒకే పొరలా ఉండదు, చిన్నచిన్న దిండ్లలా విడివిడిగా ఉంటుంది. బరువు తగ్గితే పొట్టతో పాటు ఆ దిండ్లు కూడా పలచబడతాయి. ఇరవైల్లో అయితే పైనున్న చర్మం దానికి తగ్గట్టు ముడుచుకుంటుంది. మన వయసులో ముడుచుకోదు, జారుతుంది. ఆడవాళ్లకు నెలసరి ఆగిన మొదటి అయిదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం పోతుంది. కింద దవడ ఎముక, కళ్ల చుట్టూ ఎముక కూడా వయసుతో కొద్దికొద్దిగా అరుగుతాయి. అంటే నా ముఖంలో కొరత నిండుదనానిది. నాకు చేసింది బిగించడం.

ఇంకో మాట చెప్పారు, అక్కడ నా గుండె జారింది. హైఫు వేడి కొవ్వు పొరలో పడితే కొవ్వు కరుగుతుంది. గడ్డం కింద కొవ్వు కరిగించడానికి వాడేదీ ఇలాంటి మిషనే. 4.5 అంటే 4.5 మిల్లీమీటర్ల లోతు. కొవ్వు బాగా ఉన్న ముఖంలో ఆ లోతున తగిలే పొర వేరు, నాలా పలచబడిన బుగ్గలో వేరు. అందుకే చిక్కిన ముఖాల మీద బుగ్గల భాగంలో చాలా ఆలోచించి చేస్తారు, కొందరికి అసలు చేయరు. పైగా ఒక సిట్టింగ్ ఫలితం తేలడానికే రెండు మూడు నెలలు పడుతుంది, రెండు వారాలకే రెండోది ఎందుకు చేశారో తనకు అర్థం కాలేదన్నారు. ఈ పల్లం మొత్తం మిషన్ వల్లే వచ్చిందని రాసివ్వగలరా అని అడిగాను. బరువు వల్ల ఎంత, మిషన్ వల్ల ఎంత అన్నది విడదీసి చెప్పలేనన్నారు. ఆవిడ నిజాయితీగా చెప్పారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

ఇంకా మిగిలి ఉన్న ఫిల్లర్ల గురించి కూడా అడిగాను. అది ఎక్కువగా హయలురోనిక్ యాసిడ్ జెల్, సాధారణంగా ఒక సిరంజిలో 1 మిల్లీలీటర్ ఉంటుంది, నెలల తరబడి నిలిచి తర్వాత కరిగిపోతుంది. సరైన చేతుల్లో మంచిదే. కానీ పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు పోవచ్చు. అప్పుడు వెంటనే కరిగించే ఇంజక్షన్ హయలురోనిడేజ్ చేతికందేలా ఉండాలి. నేను ఆ క్లినిక్‌లో ఏ కంపెనీ ఫిల్లర్ అని అడిగినప్పుడు వచ్చిన జవాబు "ఇంపోర్టెడ్ అక్కా" అన్న ఒక్క మాట. ఆ సిరంజి నా ముఖంలోకి దిగలేదు, ఆ దేవుడే కాపాడాడు.

తిండి లెక్క కూడా వేయించారు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్క ప్రకారం ఆరోగ్యవంతులకే రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, నాకు 52 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు ఇంకా కాస్త ఎక్కువే కావాలట. నేను తినేది పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, కాస్త పప్పు, కూర, రాత్రి ఒక జొన్న రొట్టె, మజ్జిగ. 35 కూడా దాటలేదు. కొవ్వుతో పాటు కండ కూడా పోగొట్టుకున్నానని అప్పుడు తెలిసింది. నా వేగం మరీ తప్పు కాదన్నారు, వారానికి అర కిలో నుంచి కిలో వరకు పరవాలేదట. బరువు ఒకచోట నిలబడి కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు గడిచాక ముఖానికి ఏం కావాలో చూద్దాం, అప్పటిదాకా గుడ్లు, పెరుగు, పప్పు పెంచండి, డంబెల్స్ పట్టండి, ఎండకు సన్‌స్క్రీన్ రాయండి, మిషన్ల జోలికి మాత్రం పోకండి అన్నారు. ఆవిడ నాకేమీ అమ్మలేదు.

ఆ ధైర్యంతోనే నిన్న వెళ్లాను. మూడే అడిగాను. మిషన్ పెట్టిన అమ్మాయి అర్హత ఏమిటి, మొదటి రోజు తీసిన నా ఫొటోలు ఇవ్వండి, చేయని సిట్టింగ్‌కి, ఫిల్లర్లకి డబ్బు వెనక్కి ఇవ్వండి. ఫొటోలు డిలీట్ అయ్యాయన్నారు. మేనేజర్ ట్యాబ్ తిప్పి "ఇది మీ సంతకమే కదా" అన్నాడు. నేను ఆ అమ్మాయి వైపు చూశాను, నువ్వైనా చెప్పమ్మా, ఆ రోజు నువ్వే కదా అని. అప్పుడు వచ్చింది పైన రాసిన ఆ మాట. పక్క సోఫాలో కూర్చున్న ఒకావిడ, దాదాపు నా ఈడే ఉంటుంది, తల దించుకుని ఫోన్ చూసుకుంటోంది. చేతిలో అదే ప్యాకేజీ కాగితం. ఆవిడతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. గొంతు పెగల్లేదు. బయటికొచ్చి ఆటో ఎక్కేశాను. ఈ పోస్టు ఆవిడ కంట పడాలని కోరుకుంటున్నాను.

మిగిలినవాళ్లకు నాకు తోచినవి. బరువు ఇంకా తగ్గుతున్నప్పుడు ముఖం మీద డబ్బు పెట్టకండి. ప్యాకేజీ అమ్మే కౌన్సెలర్ మాట కాదు, డాక్టర్ ఎదురుగా కూర్చుని మీ పాత ఫొటో చూశాకే మాట్లాడండి, ఆ డాక్టర్ పేరు ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో ఉందో లేదో నెట్‌లో చూసుకోవచ్చు. ఫిల్లర్ అయితే సీల్ ఉన్న డబ్బా మీ కళ్ల ముందే తెరవమనండి, బ్యాచ్ నంబర్ స్టిక్కర్ అడిగి తీసుకోండి. కళ్లజోడు లేకుండా దేని మీదా సంతకం పెట్టకండి. ఈఎంఐ అంటూ ఓటీపీ అడిగారంటే అది మీ పేరు మీద అప్పు కావచ్చు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. దారికి రాకపోతే ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. మనం కట్టిన డబ్బు అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, జరిగిన రెండేళ్లలోపు వేయొచ్చు.

ఇంకొకటి, వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. నిన్న ఆటోలో ఏడుపొచ్చి, కోపంతో ఆ అమ్మాయి చాట్ మొత్తం క్లియర్ చేసేశాను. "మొత్తం డాక్టర్ గారే చేస్తారక్కా, టెన్షన్ పడొద్దు" అన్న మెసేజ్ అందులోనే ఉండేది. అదృష్టం కొద్దీ ఆ రోజు దాన్ని మా పాపకి స్క్రీన్‌షాట్ తీసి పంపాను. పొద్దున తనే గుర్తు చేసి ప్రింట్ తీసిచ్చింది.