లిటిల్ బిగ్‌హార్న్: గాయపడ్డవాళ్లను మోసుకెళ్లిన దారి

మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమికి వచ్చేవాళ్లలో చాలామంది, 1876 జూన్‌లో లకోటా, షైయెన్ తెగలతో పోరులో అమెరికా సైన్యాధికారి కస్టర్ చనిపోయిన లాస్ట్ స్టాండ్ హిల్ చూసి వెనక్కి తిరుగుతారు. 1876 నాటి సైనిక వైద్యం గురించి తెలుసుకోవాలంటే అక్కడ దొరికేది తక్కువ. కస్టర్ వెంట నిలిచిన ఐదు దళాల్లో వైద్యం చేయడానికి ఒక్కడూ మిగల్లేదు. అదే రోడ్డు మీద ఇంకో 7 కి.మీ. వెళ్తే, కస్టర్ కింది అధికారులు రినో, బెంటీన్ మిగతా దళాలతో చిక్కుకుపోయిన రినో-బెంటీన్ గుట్ట వస్తుంది. ఒక్క చోటికే సమయం ఉంటే ఇక్కడికే రండి.

గుట్ట మధ్యలో పల్లంగా కనిపించే చోటే జూన్ 25, 26 తేదీల్లో ఆసుపత్రి. చుట్టూ గుర్రాలను, కంచర గాడిదలను నిలబెట్టి, మూటలు అడ్డం పేర్చారు. ముగ్గురు డాక్టర్లలో డివుల్ఫ్ గుట్ట ఎక్కుతూ చనిపోయాడు, లార్డ్ కస్టర్‌తో పోయాడు. యాభై మంది దాకా క్షతగాత్రులకు హెన్రీ పోర్టర్ ఒక్కడే దిక్కు. నెత్తురు పోయినవాడికి దాహం ఆగదు. నీళ్లేమో కింద ఏట్లో, ఏటి అవతల తుపాకులు. నీళ్లకు దిగిన మైక్ మాడెన్‌కు కాలు విరిగితే పోర్టర్ దాన్ని గుట్ట మీదే తీసేశాడు. నీళ్లు తెచ్చినవాళ్లు దిగిన వాగును కాలిబాట మీంచి చూడొచ్చు. నీడ అసలు లేదు. జులైలో ఉదయం తొమ్మిదిలోపే నడిచేయండి, నీళ్లు వెంట ఉంచుకోండి. గడ్డిలో రాటిల్‌స్నేక్‌లుంటాయి, బాట దిగొద్దు.

27న జనరల్ టెర్రీ, కర్నల్ గిబ్బన్‌ల సేన సాయానికి వచ్చింది. 28 రాత్రి స్ట్రెచర్లను చేతులతో మోస్తూ బయల్దేరారు. మన మన్యంలో డోలీ మోసినవాళ్లకు ఈ కష్టం చెప్పనక్కర్లేదు: చీకటి, ఎగుడుదిగుడు నేల, అడుగులు కలవకపోతే పడుకున్నవాడికి నరకం, కాసేపటికోసారి మోసేవాళ్లు మారాలి. సుమారు ఆరు గంటల్లో సాగింది 7 కి.మీ., అంటే గుట్ట దాకా మీ కారు వచ్చినంత దూరం. మర్నాడు లెఫ్టినెంట్ డోన్ పద్ధతి మార్చాడు. రెండు పొడవాటి గుడారం వాసాలు తీసుకుని, చచ్చిన గుర్రాల పచ్చితోలు పట్టీలుగా కోసి వాటి మధ్య అల్లాడు. వాసాలకు ముందొక కంచర గాడిద, వెనకొక కంచర గాడిద. వెనకదానికి దారి కనపడదు కాబట్టి ప్రతిదాన్నీ ఒకరు పట్టుకుని నడిపించాలి, లేకపోతే మనిషి కింద పడతాడు. 30 తెల్లవారకముందే, వాళ్లకోసం నదిలో ఆగి ఉన్న స్టీమర్ చేరారు.

స్టీమర్ ఆగింది లిటిల్ బిగ్‌హార్న్ నది వెళ్లి బిగ్‌హార్న్ నదిలో కలిసేచోట, ఇప్పటి హార్డిన్ దగ్గర. వాళ్లకు రెండు రాత్రులు పట్టిన దారి కారులో ఇరవై నిమిషాలు. అందుకే బస హార్డిన్‌లోనే మంచిది. మోటెళ్లు సాదాసీదావే, పొద్దున్నే గుట్ట చేరొచ్చు. గదులు, తిండి బాగుండాలంటే యుద్ధభూమికి వంద కి.మీ. దూరంలోని బిల్లింగ్స్. శాకాహారులు సరుకులు అక్కడే కొనుక్కుని రావాలి. వేసవిలో క్రో తెగ గైడ్లు నడిపే బస్సు టూర్ వదులుకోవద్దు. లకోటా, షైయెన్ వాళ్లు తమ క్షతగాత్రులను ఎలా తరలించారో కూడా అడగండి. గుర్రానికి రెండు వాసాలు కట్టి, చివరలు నేలమీద ఈడ్చుకుపోయే ట్రావోయ్ వాళ్లదే. 26 సాయంత్రం వాళ్ల ఊరికి ఊరే దాంతో కదిలిపోయింది.

ఫార్ వెస్ట్ అనే ఆ స్టీమర్‌కు ఖాళీగా ఉంటే 20 అంగుళాల లోతు చాలు. అంత లోపలికి రాగలిగింది అందుకే. డెక్ మీద పచ్చగడ్డి మందంగా పరిచి, పైన టార్పాలిన్ కప్పి, క్షతగాత్రులను పడుకోబెట్టారు. కెప్టెన్ గ్రాంట్ మార్ష్ జులై 3 సాయంత్రం బిగ్‌హార్న్ ఎల్లోస్టోన్‌లో కలిసేచోటు నుంచి బయల్దేరి, ఎల్లోస్టోన్, మిస్సోరీ నదుల మీదుగా సుమారు 1,140 కి.మీ. 54 గంటల్లో నడిపి, జులై 5 రాత్రి నార్త్ డకోటాలోని బిస్మార్క్ చేర్చాడు.

ఈ దారి చివరిదాకా వెళ్లాలంటే బిల్లింగ్స్ నుంచి ఐ-94 మీద ఆరు గంటల పైన డ్రైవ్. బిస్మార్క్‌కు నది అవతలున్న మాండన్ దగ్గరి ఫోర్ట్ అబ్రహం లింకన్ స్టేట్ పార్క్‌లో క్యాంపింగ్ ఉంది, నది పక్కనే. అక్కడి కస్టర్ ఇల్లు తర్వాత మళ్లీ కట్టింది. వైద్యం కోసమే వచ్చేవాళ్లకు దానికన్నా నది ఒడ్డున గడిపే గంటే విలువైనది.