నల్లంచి నోరు విప్పే నెల

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి ఎప్పుడు వెళ్ళాలని అడిగితే అందరూ డిసెంబరు అనే చెబుతారు. ఆ మాట పట్టుకుని మొదటిసారి వెళ్ళిన నేను, ఏ పిట్ట పాట కోసం వెళ్ళానో అది వినకుండానే తిరిగి వచ్చాను.

ఆ పిట్ట పెద్ద నల్లంచి. మగది నిగనిగలాడే నలుపు, రెక్క మీద తెల్లని పట్టీ, ఎప్పుడూ నిక్కి ఉండే తోక. ఆడదానికి ఆ నలుపు చోట బూడిదరంగు. బంగ్లాదేశ్ వాళ్ళు దీన్ని జాతీయ పక్షిని చేసుకున్నారు. మన పెరళ్ళలో తిరుగుతున్నా మనలో చాలామందికి దీని పేరు తెలియదు.

డిసెంబరులో కాకినాడలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వేళకు వచ్చాయి. తెల్లవారుజామున అయిదింటికి మాత్రం టీ లేదు, ఆటో లేదు, గేటు తాళం తీసే మనిషీ లేడు. కోరంగి చేరేసరికి పొద్దెక్కింది. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవిలో చెక్కవంతెన మీద నడక పిల్లలకు పండగే. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళు, వాటి మధ్య గెంతే చేపలు, ఎర్ర పీతలు. పడవ పోటు మీద ఆధారపడుతుంది కాబట్టి టికెట్టు కొనే ముందే నీటి వేళ అడగండి. మేము పాటులో, అంటే నీరు తగ్గిన వేళ, వెళ్ళి గంటన్నర కూర్చున్నాం. మా పడవలో ఎక్కిన ఒక బృందం స్పీకరు కూడా తెచ్చుకుంది. ఇక పిట్టల సంగతి చెప్పనక్కర్లేదు.

అయినా ఒక నల్లంచి కనిపించింది. తిల్ల చెట్టు కింద నేల మీద పురుగులు ఏరుకుంటూ, పలకకుండా పొదలోకి దూరిపోయింది. ఆ కాలంలో చలిదేశాల నుంచి వచ్చిన ఉల్లంకులు, గులాబీ గోరింకలు సందడి చేస్తుంటే, ఊరి పిట్ట నోరు కట్టుకుని కూర్చుంది. వలస పోవడం వల్ల కాదు, ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. గూడు కట్టే కాలంలోనే, అంటే సుమారు మార్చి నుంచి జులై దాకా, మగది తన హద్దు చాటుకోవడానికి పాడుతుంది. మిగతా నెలల్లో పాట బాగా తగ్గిపోతుంది. అందుకే వేసవిలో ఇదేదో కొత్తగా వచ్చిందని చాలామంది అనుకుంటారు.

రెండోసారి ఉగాది వెళ్ళిన మరుసటి వారం బయలుదేరాను, ఈసారి అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో ఒక ఇంటి బసకు. ఏసీ ఉంది కానీ కరెంటు నిలకడ లేదు. దోమతెర అడిగితేనే ఇచ్చారు. భోజనానికి మాత్రం వంక పెట్టలేను: ముద్దపప్పు, మామిడికాయ పచ్చడి, మధ్యాహ్నం ముంజలు. ఇంటి యజమానురాలిని అందరూ పిన్నిగారు అంటారు. నేను వచ్చిన పని చెప్పగానే నవ్వారు.

"ఆ అల్లరి పిట్ట కోసం ఇంత దూరమా బాబూ? సంక్రాంతికి నోరు విప్పదు, ఉగాదికి నోరు మూయదు."

నాలుగున్నరకే మొదలుపెట్టింది. ముందు ఒక సన్నని ఈల, ఆగి ఇంకొకటి, తరువాత వరసగా ఎత్తుపల్లాల గొలుసు. మధ్యలో ఇంకో పిట్ట గొంతును కూడా కలుపుకుంటుంది. మొవ్వు రాలి మొండిగా మిగిలిన కొబ్బరిచెట్టు కొసన కూర్చుని, పాడుతూ తోక విప్పి ముడుస్తోంది. అదే చెట్టు తొర్రలోకి ఆడది వేర్లు, పీచు మోసుకుపోతోంది. చెట్టు కొట్టించేద్దామంటే పిన్నిగారు ఒప్పుకోవడం లేదని వాళ్ళబ్బాయి గొణుగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎదుర్లంక వారధి దాటి, యానాం మీదుగా కోరంగికి వెళ్ళాను. ఎండకు చెక్కవంతెన మీద నా ఒక్కడి అడుగులే. అక్కడి నల్లంచి కూడా మడల చివర పాడుతోంది, కానీ ఆ ఉక్కపోతలో అరగంట నిలబడలేకపోయాను. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు డిసెంబరూ కాకినాడా సరైనవే. పాట కావాలంటే మాత్రం తోటలోనే ఉండాలి, అదీ కాలువలు కట్టేయకముందే. రెండో పంట దాళ్వా కోతలు మొదలై కాలువలు ఆగాక గట్టు మీద నడక అంత హాయిగా ఉండదు.

మర్నాడు ఒక పొరపాటు చేశాను. ముందురోజు ఫోనులో పట్టుకున్న పాటను అరుగు మీద కూర్చుని వినిపించాను. క్షణంలో మగది దూసుకొచ్చి అరుగు కమ్మీ మీద వాలి, తోక ఎత్తి, రొమ్ము విరుచుకుని ఫోను వైపే గద్దించసాగింది.

"ఆపండి బాబూ, పరాయివాడు ఇంట్లో దూరాడనుకుంటోంది" అని పిన్నిగారు వంటింట్లోంచి కేక వేశారు.

ఆపేశాను. అది నమ్మలేదు. నా కాఫీ చల్లారేదాకా కమ్మీ దిగలేదు.