బీటెక్ బదులు సొంత చదువు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ఇంటర్ ఎంపీసీ అయ్యాక నాకొచ్చిన ర్యాంకుకి మేనేజ్‌మెంట్ సీటు తప్ప దారి లేదన్నారు. అంత డబ్బు పోయడం నాన్నకీ ఇష్టం లేదు, నాకూ లేదు. అప్పటి నుంచి కంప్యూటర్ సైన్సంతా నెట్‌లో దొరికే కోర్సులతో ఇంట్లోనే చదివాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో బ్యాకెండ్ (సర్వర్ వైపు ప్రోగ్రామింగ్) పని చేస్తున్నాను. తమ్ముళ్లు అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

పాఠాలకి కరువు లేదు. అమెరికాలోని ఎంఐటీ తన కోర్సులన్నీ ఫ్రీగా పెడతానని 2001లోనే ప్రకటించింది, మన ఐఐటీలూ ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల కార్యక్రమం మొదలుపెట్టాయి. అందుకే "ఏ సార్ బాగా చెప్తారన్నా" అని ఎవరైనా అడిగితే నాకు కొంచెం చిరాకు. మనం చేసింది తప్పో ఒప్పో ఆ కోర్సులో ఎవరు చెప్తారు? ముందు అది చూడండి. వీడియో చూస్తున్నంతసేపూ అందరికీ అంతా అర్థమైనట్టే ఉంటుంది.

హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్ సైన్స్ మొదటి నుంచి నేర్పే ఆన్‌లైన్ కోర్సు సీఎస్50లో ఐదో వారం స్పెల్లర్ అని ఒక అసైన్‌మెంట్ ఉంటుంది. 1,43,091 పదాల డిక్షనరీని సి లాంగ్వేజీలో మెమరీలోకి ఎక్కించి, ఇచ్చిన ఫైల్లో స్పెల్లింగ్ తప్పులు పట్టాలి. హ్యాష్ టేబుల్ (పదాల్ని గబుక్కున వెతికేలా మెమరీలో సర్దే పద్ధతి) గురించి లెక్చర్ వింటే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, తీరా కోడ్ రాసి, దాన్ని పరీక్షించే ఆ కోర్సు టూల్ చెక్50 నడిపితే స్క్రీన్ నిండా ఎర్ర ఏడుపు మొహాలు. ఒక్కోటీ పచ్చగా నవ్వడం మొదలయ్యాక కూడా చివర్లో మెమరీ తప్పుల టెస్టు మొండికేస్తుంది, ఎక్కడో వాడుకున్న మెమరీని వెనక్కిచ్చే free అనే ఒక్క లైను రాయలేదని. ఆ ఒక్క లైను కోసం రాత్రంతా కూర్చున్నప్పుడే పాయింటర్లు (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే అడ్రసులు) నా బుర్రకెక్కాయి, అంతకుముందు చూసిన లెక్చర్లతో కాదు.

ఎన్‌పీటీఈఎల్ సంగతి వేరు. చేరడం ఫ్రీ, పరీక్షకి మాత్రం వెయ్యి రూపాయలు. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75, ఆ పరీక్షలో 30 రాకపోతే సర్టిఫికెట్ రాదు. ఇంట్లో కూర్చుని చదివేవాడికి గడువు టెన్షన్ ఎంత మేలో, బుధవారం అర్ధరాత్రి అసైన్‌మెంట్ పెట్టినవాళ్లకే తెలుస్తుంది. కాకపోతే చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్లంటే బిట్లే, వాటి జవాబులు యూట్యూబ్‌లో ముందే తిరుగుతుంటాయి. ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారి పైథాన్ డేటా స్ట్రక్చర్స్ కోర్సు లాంటివి తీసుకోండి, అందులో ప్రోగ్రాములు రాయాలి, టెస్ట్ కేసులు పాసవ్వాలి.

ఎంత మంచి కోర్సైనా ఇవ్వలేనిది వైవా. "నడుస్తోంది సరే, ఇలాగే ఎందుకు రాశావ్" అని అడిగే మనిషి ఉండడు. అమీర్‌పేటలో జావా కోచింగ్‌కి వెళ్లే ఒక ఫ్రెండ్‌తో ఆదివారాలు కూర్చుని ఒకరి కోడ్ ఒకరు తిట్టుకునేవాళ్లం, ఇంటర్వ్యూల్లో నన్ను నిలబెట్టింది అదే.

ఇక ఉద్యోగం. ఇప్పుడున్న కంపెనీ గిట్‌హబ్ సైట్‌లో నేను పెట్టిన కోడ్ చూసి తీసుకుంది. అంతకుముందు ఒక పెద్ద కంపెనీలో టెక్నికల్ రౌండ్లన్నీ దాటాక, డిగ్రీ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమన్న దగ్గర అంతా ఆగిపోయింది. హెచ్ఆర్ మేడమ్ పాపం మర్యాదగానే చెప్పింది, సిస్టమ్ ఒప్పుకోదని. క్యాంపస్ డ్రైవులు మనకుండవు. గ్రూప్-1, బ్యాంక్ పీవో, సివిల్స్ అన్నిటికీ డిగ్రీ కావాల్సిందే. అమెరికా ఆశ ఉంటే హెచ్-1బీ వర్క్ వీసాలో మూడేళ్ల అనుభవాన్ని ఒక ఏడాది కాలేజీ కింద లెక్కేస్తారు, అంటే నాలుగేళ్ల డిగ్రీకి బదులు 12 ఏళ్లు పని చేసి చూపించాలి. ఇంట్లో పెళ్లి సంబంధాల దగ్గర వచ్చే ప్రశ్నల గురించి ఇక్కడ రాయను.

అందుకే ఇప్పుడు అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టాను. అక్కడి సిలబస్‌లో నాకు కొత్తదేమీ లేదు, కాగితం కోసమే.

కన్వీనర్ కోటాలో సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లు మాత్రం కాలేజీకే వెళ్లండి, ఇవన్నీ రాత్రిళ్లు హాస్టల్లో చేసుకోవచ్చు. లక్షలు పోసి సీటు కొనాల్సిన పరిస్థితి ఉంటే, ముందు వేసవి సెలవుల్లో సీఎస్50 మొదలుపెట్టండి. జవాబులు వెతకకుండా స్పెల్లర్ దాటగలిగితే అప్పుడు నాన్నతో మాట్లాడండి.