ప్రీట్రీట్ మెషిన్‌కు తుప్పు: నాలుగేళ్లు వాడాక ఏది పనిచేసింది, ఏది చేయలేదు

తీర్పు ముందే చెప్పేస్తాను. తుప్పు ఆపడానికి మేం పెట్టిన ఖర్చులన్నింటిలోకీ బాగా గిట్టుబాటైంది బ్యాటరీ వాటర్, అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే ఉప్పుల్లేని నీళ్లు. గ్రీజులు, స్ప్రేలు, పెయింట్లు అన్నీ దాని తర్వాతే.

మాది విశాఖలో, గాజువాక వైపు, చిన్న డీటీజీ షాపు, అంటే టీషర్టు మీద నేరుగా ఇంకుతో ప్రింట్ కొట్టే షాపు. నల్ల టీషర్టు మీద తెల్ల ఇంకు నిలవాలంటే ముందు ప్రీట్రీట్ అనే ద్రవం పిచికారీ కొట్టాలి కాబట్టి, కాలేజీ ఫెస్టుల సీజన్లో ఆ మెషిన్‌కు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఊపిరాడదు. నాలుగేళ్లు పైబడిన వాడకం మీద రాస్తున్నాను. మెషిన్ ఎవరిదో చెప్పను. ఎవరిదైనా అందులో పోసేది ఆ ద్రవమే కదా.

ఆ ద్రవంలో ముఖ్యంగా ఉండేది కాల్షియం లవణం, సాధారణంగా కాల్షియం క్లోరైడో కాల్షియం నైట్రేటో. దాంతోపాటు పాలిమర్ కలుపుతారు. కాల్షియం తగలగానే ఇంకులోని రంగు గడ్డకట్టి బట్ట పైనే ఆగిపోతుంది, దారాల్లోకి దిగదు. అందుకే తెలుపు తెల్లగా కనిపిస్తుంది. చిక్కల్లా క్లోరైడ్‌తోనే. మామూలు ఇనుము సంగతి సరే, స్టెయిన్‌లెస్ స్టీల్ మీద ఉండే క్రోమియం ఆక్సైడ్ పొరను కూడా అది అక్కడక్కడా తినేసి సూదిమొనంత గుంటలు చేస్తుంది. పైగా కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కుంటుంది. బీరువాలో బట్టలు బూజు పట్టకుండా పెట్టే డబ్బాలు వానాకాలంలో నీళ్లతో నిండిపోతాయి చూడండి, చాలావాటిలో ఉండే తెల్ల గుళికలు ఇవే. గాలిలో తేమ 30 శాతం దాటితే చాలు, ఆరిపోయిందనుకున్న మరక మళ్లీ చెమరుస్తుంది. విశాఖలో తేమ అంతకన్నా తగ్గే రోజేది? కాబట్టి తుడిచి ఆరబెడితే చాలదు, ఉప్పును కడిగి తీసేయాల్సిందే.

మా పద్ధతి ఇది. చివరి టీషర్టు దిగగానే ద్రవం డబ్బా తీసి, గోరువెచ్చటి బ్యాటరీ వాటర్ డబ్బా తగిలిస్తాం. కింద పాత న్యూస్‌పేపర్ పరిచి స్ప్రే గన్ కొడతాం. మొదట జిగురుగా పడుతుంది, కాసేపటికి పేపర్ మీద ఉత్త తడి మాత్రమే మిగులుతుంది. అదే పేపర్ మీద స్ప్రే సమంగా పడుతోందో, ఏ నాజిలైనా పక్కకు కొడుతోందో కూడా తెలిసిపోతుంది. నాజిల్ మొనలు విప్పి రాత్రంతా నీళ్లలో నానేస్తాం. తర్వాత తడి గుడ్డతో రెండుసార్లు, పొడి గుడ్డతో ఒకసారి తుడవడం. బోరు నీళ్లు వద్దు. అసలే ఉప్పు వదిలించుకునే తంటాలో ఇంకో ఉప్పు తెచ్చిపెట్టుకోవడం దేనికి?

ఎక్కడ తుడవాలన్నదే అసలు విషయం. కళ్లకు కనిపించే ట్రేని అందరూ తుడుస్తారు. గన్ నడిచే బీమ్ అడుగు భాగం మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మంచు తుంపరలా లేచిన ద్రవం అక్కడ అంటుకుని, రాత్రంతా తేమ పీల్చుకుని, పొద్దున్నే గోధుమరంగు బొట్టై కింద ఉన్న టీషర్టు మీద పడుతుంది. లేత రంగు బట్టయితే ఆ పీసు పోయినట్టే. అలెన్ కీ బోల్టుల తలలో ఉండే గుంట ఇంకో చోటు. అందులో నిలిచిన ద్రవం ఆ ఆరు పలకలనూ తినేస్తే, ఎప్పుడో విప్పాల్సొచ్చినప్పుడు కీ పట్టదు, డ్రిల్ వేయాల్సిందే. మేం ఆ గుంటల్ని గ్రీజుతో నింపేశాం. పైసా ఖర్చు లేని పని, నూటికి నూరు మార్కులు.

గట్టిపడిపోయిన పాలిమర్‌ను గీకడానికి స్టీల్ పీచు వాడొద్దు. దాని ఇనుప రజను స్టెయిన్‌లెస్ మీద ఉండిపోయి, అదే తుప్పు పడుతుంది. వేడినీళ్ల గుడ్డ కాసేపు కప్పి ఉంచి ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో రుద్దితే వచ్చేస్తుంది. బాత్రూం యాసిడ్ సంగతి ఎత్తనే వద్దు, అది హైడ్రోక్లోరిక్, అంటే మళ్లీ క్లోరైడే.

ట్రే. కంపెనీ ఇచ్చిన పౌడర్ కోటింగ్ ట్రే గీత పడనంత కాలం బాగానే ఉంది. గీత పడ్డాక తుప్పు పెయింటు కిందుగా పాక్కుంటూ పోయి పొక్కులు లేపింది. స్టెయిన్‌లెస్‌లో కొత్తది చేయించాం. ఇక్కడ జాగ్రత్త: షాపుల్లో ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) అని చూపించేది చాలాసార్లు 202 గ్రేడు, తుప్పుకు 304 గ్రేడంత తట్టుకోదు. అయస్కాంతం పెట్టి చూస్తే అదీ అంటుకోదు, 304 కూడా అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో తేలదు. చుక్కల మందు, బ్యాటరీతో చేసే టెస్టింగ్ కిట్ స్టీలు షాపుల్లో ఉంటుంది, మొహమాటపడకుండా వేయించండి. క్లోరైడ్‌కు నిజంగా తట్టుకునేది 316. అందులో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది. ధర ఎక్కువే. మేం ట్రే ఒక్కటే 316లో చేయించి, పక్క రేకులకు 304తో సరిపెట్టాం. ఇప్పటిదాకా ట్రే మీద మచ్చ లేదు, పక్క రేకుల వెల్డింగ్ అతుకుల దగ్గర మాత్రం టీ మరకల్లాంటివి వచ్చాయి.

గన్ బీమ్ జారే స్టీలు పట్టాలకు (వీటినే రైళ్లు అంటాం), బేరింగులకు లిథియం గ్రీజు. పాతది పూర్తిగా తుడిచాకే కొత్తది రాయాలి. పాత గ్రీజులో ఉప్పు, బట్ట నూగు కలిసి ఉంటాయి, దాని మీదే పూస్తే తుప్పును మూతపెట్టి పెంచినట్టే. సిలికాన్ స్ప్రే మా షాపులో నిషేధం. గాలిలో తేలి టీషర్టు మీద పడితే ఆ చోట ఇంకు పట్టదు. మైనం పూతలా ఆరే రస్ట్ స్ప్రే మాత్రం ఫ్రేమ్ కాళ్లకు, అడుగు చట్రానికి బాగుంది, వానాకాలం ముందు ఒకసారి కొడతాం. పడవలకు వేసే ఎపాక్సీ పెయింటు కూడా వేయించాం. పూత గట్టిదే కానీ కింద తుప్పును తెల్లటి లోహం కనపడేదాకా గీకకపోతే దండగ. ఆ గీకుడుకైన కూలీతో పోలిస్తే పెయింటు ధర ఎంత?

నైట్రేట్ రకం ద్రవానికి మారితే తుప్పు తగ్గుతుందన్నారు. తగ్గింది, నిజమే. కానీ ద్రవాన్ని ఆరబెట్టడానికి బట్టను వేడి పలకతో నొక్కే హీట్ ప్రెస్ దించగానే వచ్చే వాసన మా వర్కర్లకు పడలేదు, కొన్ని బట్టల మీద ప్రెస్ పలక చదరపు మరక కూడా ఉండిపోయింది. నల్ల బట్టల పెద్ద ఆర్డర్లకు మళ్లీ పాతదే వాడుతున్నాం.

ప్రింటర్ సంగతి వేరు. ప్రీట్రీట్ తుంపర దాని దగ్గరికి పోకూడదు. ఉప్పు ఎన్‌కోడర్ స్ట్రిప్ (హెడ్ ఎక్కడుందో ప్రింటర్‌కు చెప్పే సన్న గీతల పట్టీ) మీద పడితే హెడ్‌ను మోసే క్యారేజ్ తడబడుతుంది, ఇంకు చిమ్మే ఆ హెడ్ దగ్గర ఇంకుకు తగిలితే బట్ట మీద గడ్డకట్టినట్టే అక్కడా గడ్డకడుతుంది. గదంతా డీహ్యూమిడిఫయర్‌తో ఎండగట్టి తుప్పు ఆపుదామంటే కుదరదు, తేమ 40 శాతం కన్నా తగ్గితే నాజిళ్లలో ఇంకు ఎండిపోతుంది. అందుకే మధ్యలో అల్యూమినియం పార్టిషన్ కట్టించి, ప్రీట్రీట్ మెషిన్‌నూ హీట్ ప్రెస్‌నూ ఒక వైపు పెట్టి, అటు మాత్రమే ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాం. బ్యాటరీ వాటర్ తర్వాత రెండో స్థానం ఈ పార్టిషన్‌దే. తేడా ప్రింటర్ పక్కనున్న ఇనుప ర్యాకు చూస్తేనే తెలిసింది, కొత్తగా తుప్పు పొడి రాలడం ఆగిపోయింది.

సెకండ్ హ్యాండ్ మెషిన్ చూడబోయే వాళ్లకు ఒక మాట. పైన తళతళలాడుతోందని బేరం మొదలెట్టకండి. ట్రే ఎత్తించి కింది బోల్టులు చూడండి, గన్ బీమ్‌ను చివర ఆపే లిమిట్ స్విచ్ కనెక్టర్ ఊడదీయించి పిన్నుల మీద పచ్చ చిలుము ఉందేమో చూడండి, గన్ బీమ్‌ను చేత్తో ఆ చివరి నుంచి ఈ చివరికి తోయండి. మధ్యలో గరగరమంటే రైలుకు గుంటలు పడ్డట్టే, గ్రీజు రాస్తే అది పోదు. కొత్త రైలు, బేరింగ్ బ్లాకుల ధర కనుక్కుని అంత తగ్గించమనండి.